పది నిమిషాల బండి

ఎనిమిది వందల కోడిపిల్లలు ఒక్కసారిగా కియ్యోమంటుంటే కట్టుకున్నవాడి విసుర్లు సగం వినపడవు. ఆ ఉదయం ఆవిడకు కలిసొచ్చింది అదొక్కటే.

పికప్ ఆగడం అది మూడోసారి. నిన్న గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన పిల్లల్ని ఎండ ముదిరేలోగా కోళ్ళఫారానికి చేర్చాలి. బండి నడుస్తున్నంతసేపూ అట్టపెట్టెల కన్నాల్లోంచి గాలి ఆడుతుంది. ఆగిందంటే ఒకదాని వేడి ఒకదానికి తగిలి లోపలే ఉడికిపోతాయి. ఇంకా పన్నెండు కిలోమీటర్లుంది. అప్పటికే కొన్ని ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి.

బానెట్ కింద నడుందాకా దూరిన భర్త తల బయటపెట్టాడు.

"పంపు పోయింది. సందేహమే లేదు."

"ఇందాక ఫిల్టరన్నారు?"

"ఇందాక ఫిల్టరే. ఇప్పుడు పంపు."

ఇంకోసారి ఆగితే ఇంజనే అంటారు కాబోలు అనుకుంది. బండి వెనక ఎక్కి పెట్టెల మీద దుప్పటి నీడ కట్టి, ఒక చేత్తో అట్టముక్కతో విసురుతూ, రెండో చేత్తో మెకానిక్ అన్నయ్యకు ఫోన్ కలిపింది.

"అన్నయ్యా, మొండికేసి రోడ్డు మీద నిలబడింది."

"బండా, బావా?"

"ఇద్దరూ."

ఫోను స్పీకర్లో పెట్టింది. "టక్కున ఆగిందా, నీరసపడి ఆగిందా?" అన్నాడు అన్నయ్య.

"టక్కున!" అన్నాడు భర్త.

"కాదన్నయ్యా. ముందు లాగడం తగ్గింది, రెండు మూడు కుదుపులిచ్చింది, అప్పుడు ఆగింది. మూడుసార్లూ అంతే. పది నిమిషాలు నడుస్తుంది. పావుగంట ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది."

రోజూ కుక్కర్ కూతలు లెక్కపెట్టే చెవి అది, పొరపాటు పడదు.

"పాడైన పంపు పావుగంటకోసారి బాగుపడదు బావా," అన్నాడు అన్నయ్య. "డీజిల్ తగ్గేకొద్దీ టాంకులోకి గాలి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఇంజనుకి డీజిల్ రాదు. కాసేపు ఆపితే సందుల్లోంచి కాస్త గాలి దూరి మళ్ళీ నడుస్తుంది. టాంకు మూతకి సన్నటి కన్నం ఉంటుంది, అది మూసుకుపోయిందేమో చూడండి."

ఆవిడ చేతిలో అట్టముక్క ఆగిపోయింది.

నిన్న సాయంత్రం బండి కడుగుతుంటే మూత చుట్టూ డీజిల్ జిడ్డు కనిపించింది. పసికూనలకి ఆ వాసన పడదనిపించింది. వంటింట్లో ప్రతి డబ్బాకీ చేసినట్టే, మూత కింద ప్లాస్టిక్ కవర్ ముక్క పరిచి బిర్రుగా బిగించింది. చేసింది సాక్షాత్తూ తనే.

"నేను చూస్తా," అంటూ ఎన్నడూ లేని చురుకుతో బండి దిగింది.

"నీకేం తెలుసే?"

"మూతల సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?"

మూత సగం తిరగ్గానే టాంకు బుస్సుమని పెద్ద ఊపిరి పీల్చుకుంది. కవర్ ముక్క దొన్నెలా లోపలికి గుంజుకుపోయి ఉంది. పీకి గుప్పిట్లో ముడిచేసింది.

"మూసుకుపోయిందన్నయ్యా. తీసేశాను," అంది. ఒక్క అబద్ధం లేదు.

బండి కదిలింది. తొమ్మిది నిమిషాలు. పది. ఇద్దరూ గడియారం వంకే చూస్తున్నారు. పదకొండో నిమిషానికి భర్త ఈల వేశాడు. ఆవిడ ఊపిరి వదిలింది.

ఫారంలో పెట్టెలు దించి వంచగానే పిల్లలు బిలబిలమంటూ నీళ్ళ పళ్ళేల మీద పడ్డాయి. మందకొడిగా ఉన్న నాలుగైదింటి ముక్కులు ఫారమాయన నీళ్ళలో ముంచితే అవీ గుటకేసి లేచి నిలబడ్డాయి. "అన్నీ బతికే ఉన్నాయమ్మా," అన్నాడు. ఆవిడ అక్కడే వరిపొట్టు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుంటూ పొట్టు పడిందని చెప్పింది.

భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మూత సంగతి సరేగానీ, పంపు కూడా నీరసపడే ఉంటుంది. నా చెవికి తెలుస్తుందిగా. రేపే విప్పించేస్తా."

విప్పితే బండి నెల్లాళ్ళు షెడ్డులోనే. ఆవిడ గుప్పిట తెరిచింది.

ఆయన ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మనింట్లో డబ్బాలకి వేసేదే?"

"అదే."

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యనా?"

"నిక్షేపంగా చెయ్యండి. ఫిల్టరెప్పుడన్నారో, పంపెప్పుడన్నారో టైముతో సహా నేనూ చెబుతాను."

ఆయన బయటికి తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టేశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"పద, ఇంటికెళ్దాం. పంపు జోలికి ఎవరూ వెళ్ళొద్దు."