పక్క ప్లాటులో పుట్ట

మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులోంచి పాము వచ్చి బాత్రూంలో బకెట్టు వెనక చుట్ట చుట్టుకుని పడుకున్న రోజునే మా ఆవిడ ఈశ్వరి బట్టలు సర్దుకుంది.

"ఆ తుప్పలు కొట్టించాకే పిలండి. అందాకా నాను గోపాలపట్నంలో కాపరం సెయ్యను" అని తగరపువలసలో పుట్టింటికి వెళ్లిపోయింది. అన్నంత పనీ చేసే మనిషి. ఆవిడ లేని ఇల్లు నాకు ఎంత బోసిగా ఉందో చెప్పుకుంటే సిగ్గు.

కార్పొరేషన్‌కి ఫిర్యాదు రాసి వీధి వీధంతా సంతకాలు పెట్టించాను. ఎదురింటి చిట్టమ్మ "పావుల్తో సత్తన్నాం బాబూ" అంటూ వేలిముద్ర రెండుసార్లు వేసింది. ఇన్‌స్పెక్టర్ గురునాథరావు వచ్చి, ప్రైవేటు స్థలం కాబట్టి ముందు ఓనరుకి నోటీసివ్వాలన్నాడు. ఓనరెవరో ఎవరికీ తెలీదు. అందుకని నోటీసు ప్లాటులోని తుమ్మచెట్టుకే కట్టి గడువిచ్చాడు. తుమ్మచెట్టు జవాబివ్వలేదు. గడువు దాటాక ఆ సంగతి రాసుకుని, ఇక మేమే కొట్టేస్తామన్నాడు. ఆయనకి దండం పెట్టాలనిపించింది.

జేసీబీ వస్తుందన్న రోజు పొద్దున్నే ఈశ్వరికి ఫోన్ చేసి, గర్వంగా చెప్పి, వీధిలోకొచ్చాను. ప్లాటు ముందు తిరునాళ్లలా ఉంది. ఆ రోజు నాగులచవితి! పనిలో పడి నాకు గుర్తే లేదు. సంతకాలు పెట్టిన ఆడవాళ్లంతా తలంటుకుని, పాలు, గుడ్లు, చిమ్మిలి పట్టుకుని తుప్పల మధ్య పుట్ట దగ్గర వరస కట్టారు. చిట్టమ్మ జేసీబీకి అడ్డంగా నిలబడింది.

"పాములతో చస్తున్నామని నువ్వేగా అన్నావు?" అన్నాను ఒళ్లు మండి.

"అవి పావులు బాబూ. ఈయన నాగేంద్రుడు!"

సాయం కోసం గురునాథరావు వైపు చూశాను. ఆయన అప్పటికే చెప్పులు విప్పేశాడు.

"మా ద్వారకా నగర్లో పుట్టెక్కడుందండీ?" అంటూ జీపులోంచి పాల ప్యాకెట్టు తీసి వరసలో నిలబడ్డాడు. జేసీబీ డ్రైవరుకి ఎవరో గుడ్డు ఇచ్చారు. వాడూ దిగాడు.

అప్పుడే ఆటో దిగింది ఈశ్వరి. కొత్త చీర, చేతిలో పాలచెంబు. నా ప్రాణం లేచొచ్చింది. నన్ను దాటుకుని తిన్నగా పుట్ట దగ్గరికెళ్లి పాలు పోసింది. తిరిగొచ్చి, తడి పుట్టమన్ను నా చెవులకి రాసింది. ఆ వేళ్లు తగిలేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ఊళ్లో పుట్టలన్నీ లేఔట్లయిపోనాయండీ. ఇదీ కొట్టేత్తారంటే పరిగెట్టుకొచ్చాను" అని గురునాథరావు వైపు తిరిగింది. "సార్, తుప్పలు తీసేత్తే సామి ఎక్కడుంటాడు? ఒగ్గీండి."

ఫిర్యాదుదారు భార్యే వద్దందని రాసుకుని, ఆయన జేసీబీని వెనక్కి పంపేశాడు.

"సరే, ఇంట్లోకి రా" అన్నాను గేటు తీసి.

ఈశ్వరి బాత్రూం వైపు భయంగా చూసి ఆటో ఎక్కింది.

"అమ్మో, పాముంటాది. మళ్లీ నాగులసవితికి వత్తాను."