నాలుగు శాఖల పరిశోధకుడు

పదో తరగతి మార్కుల లిస్టు మొదలు ఎం.టెక్ పట్టా దాకా హరినాథ్ అసలు సర్టిఫికెట్లన్నీ కాలేజీ ఆఫీసులో ఇనుప బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రోజున సూపరింటెండెంటు గంగాధరం, వెరిఫికేషన్ చేసుకుని ఇచ్చేస్తామని వినయంగా చేతులు చాచి తీసుకున్నాడు. ఆ వెరిఫికేషన్ ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. ఇందులో హరినాథ్ ఒక్కడికి జరిగిన అన్యాయమంటూ ఏమీ లేదు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లందరి చదువులూ ఆ బీరువాలోనే కాపురం ఉంటున్నాయి. తాళంచెవి గంగాధరం మొలతాడుకు ఉండేది. గంగాధరం ఛైర్మన్ దొరస్వామి మాటకు కట్టుబడి ఉండేవాడు.

ఊరూరా ఇంజనీరింగ్ కాలేజీలు మొలుచుకొస్తున్న రోజులవి. బంగారుపాళ్యం నుంచి చిత్తూరు వచ్చే దారిలో, తన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పక్కనే దొరస్వామి ఈ కాలేజీ కట్టించాడు. సీజన్లో గాలి ఇటు మళ్లితే క్లాసుల్లో ముగ్గిన తోతాపురి వాసన నిండిపోయి పిల్లలకు నిద్ర ముంచుకొచ్చేది. ఆయన మరీ చెడ్డవాడని చెప్పడానికి లేదు. అటెండరు కూతురి పెళ్లయినా సరే, స్వయంగా వచ్చి అక్షింతలు వేసి పోయేవాడు. కాకపోతే కాయలూ కంప్యూటర్లూ లెక్చరర్లూ అన్నీ ఆయన కంటికి సరుకే. సరుకు గోడౌన్లో ఉండాలి గానీ రోడ్డు మీద తిరగకూడదని ఆయన గట్టి నమ్మకం.

హరినాథ్ తండ్రి సుబ్రమణ్యానికి బంగారుపాళ్యం దగ్గరే మామిడి తోట ఉంది. కోతలప్పుడు, కాయలు ఏరేటప్పుడు, చేతుల కింద నలిగి నల్లబడిపోయిన పండ్లను కుప్పగా పారబోయడం హరినాథ్ చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. అతని పీహెచ్‌డీ అక్కడే పుట్టింది. సైకిలు ట్యూబు రబ్బరు తొడిగిన మూడు వేళ్లతో ఒక యంత్రపు చెయ్యి చేశాడు. కాయ ఎంత మెత్తబడిందో ఆ వేళ్లకు తెలియాలి, తెలిసిన మేరకే పట్టుకోవాలి. మొదట్లో ఆ చెయ్యి కాయలన్నిటినీ పిసికి ముద్ద చేసింది. ల్యాబు నేలంతా జిగటై, అటెండరు పైకే తిట్టుకుంటూ తుడిచేవాడు. అలా చాలాకాలం గడిచాక ఒక మధ్యాహ్నం, బాగా ముగ్గిన పండునెత్తి తొక్క చెదరకుండా ట్రేలో పెట్టింది. హరినాథ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ చేసి ముందుగా తండ్రికి కాదు, తన గైడుకు చెప్పాడు.

గైడు ప్రొఫెసర్ దేవనాథన్, తిరుపతిలో యూనివర్సిటీలో పని. నుదుటిన సన్నటి తిరునామం, నోట ఎప్పుడూ ఏదో ఒక పద్యం. యంత్రాల మీద ఎంత పట్టో సాహిత్యమంటే అంత పిచ్చి. హరినాథ్ తీసుకుపోయిన ప్రతి అధ్యాయాన్నీ ఎర్ర గీతలతో తిప్పి కొట్టి, ఆనక భార్య వకుళాదేవి చేత కాఫీ ఇప్పించి, 'ఒరే హరీ, నీ చెయ్యికున్న తెలివి నీ వాక్యానికి లేదురా' అని నవ్వేవాడు. అంత చదువుకున్న మనిషి తనను 'ఒరే' అనడం హరినాథ్‌కు పట్టా కంటే ఎక్కువగా ఉండేది.

థీసిస్ పూర్తయింది. రిజిస్ట్రేషన్ గడువు ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. వచ్చే శుక్రవారం సాయంత్రం లోపల ఇవ్వకపోతే ఇన్నేళ్ల పనీ గాలికి పోయినట్టే. ఇవ్వడానికి రెండు కావాలి. ఒకటి గైడు సంతకం, రెండు అసలు సర్టిఫికెట్లు. సంతకం గురించి అతనికి దిగుల్లేదు. బీరువా సంగతి దేవనాథన్‌కూ తెలుసు. ఎట్లయినా తెచ్చుకోరా అని ఆయన చెప్పి పంపాడు.

హరినాథ్ వెళ్లి అడిగితే దొరస్వామి కుర్చీ చూపించాడు, మజ్జిగ తెప్పించాడు, తండ్రి ఆరోగ్యం అడిగాడు. తర్వాత అసలు మాటకు వచ్చాడు.

"సూడప్పా హరినాథూ. బేస్తవారం ఇన్‌స్పెక్షన్ ఉండాది. ఆ పొద్దు నువ్వు నాలుగు సోట్ల కనపడాల. అది గడిసినాక నీ కాయితాలు నీ సేతికి."

సంగతేమిటంటే, కాలేజీ అనుమతి కోసం పెట్టిన దరఖాస్తులో ఒక పరిశోధన కేంద్రం ఉందని రాసుకుంది. మేనేజ్‌మెంట్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, రోబోటిక్స్, సాహిత్య అధ్యయనం, ఇలా నాలుగు శాఖలు, ఒక్కో శాఖకు ఒక్కో పరిశోధకుడు. రోబోటిక్స్‌కు హరినాథ్ ఉన్నాడు. మిగిలిన మూడింట్లో ఉండవలసిన వాళ్లు ఎప్పుడో చేతులు దులుపుకుని పోయారు. వాళ్ల ఇత్తడి పేరు పలకలు మాత్రం తలుపులకు మెరుస్తున్నాయి. నాలుగు శాఖలూ నాలుగు భవనాల్లో ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే కమిటీలో ఒక్కో శాఖకు ఒక్కో నిపుణుడు, ఒక్కో శాఖకు ఒక్కో వేళ. కాబట్టి ఒకే మనిషిని ఇద్దరు చూసే ప్రమాదం లేదని దొరస్వామి లెక్క వేశాడు.

ఇది తప్పు కదా సార్ అన్నాడు హరినాథ్. దొరస్వామికి కోపం రాలేదు. తప్పేనని వెంటనే ఒప్పుకున్నాడు. అనుమతి రాకపోతే కాలేజీ మూసుకోవాలని, నీతోటి వాళ్లందరూ వీధిన పడతారని, తనకేం, తనకు గుజ్జు ఉందని నెమ్మదిగా చెప్పాడు. హరినాథ్ ఒప్పుకున్నానని అనలేదు. కాదని మాత్రం అనలేకపోయాడు. లేచి వచ్చేశాక గంగాధరం వెనకే వచ్చి, కంఠస్థం చేయవలసిన ఆ పలకల మీది పేర్లూ, విషయాలూ రాసిన కాయితం చేతిలో పెట్టాడు.

గురువారం ఉదయం కార్లు వచ్చాయి. రెండో కారులోంచి దేవనాథన్ దిగాడు. రావలసిన రోబోటిక్స్ నిపుణుడికి జ్వరమొస్తే, దగ్గరలో ఉన్నాడని అప్పటికప్పుడు ఈయన్ని పంపారు. వసారాలో నిలబడ్డ హరినాథ్ ఆయన్ని చూశాడు. గంగాధరాన్ని పక్కకు లాగి, ఆయన నా గైడు, మిగిలిన మూడింట్లోంచి నన్ను తప్పించమని బతిమాలాడు.

"ఆయనకు నీ మిషనే గదా సార్ పని. ఆ బ్లాకు దాటి రాడు, నేను సూసుకుంటా," అన్నాడు గంగాధరం. అని ఊరుకోకుండా మొలతాడు దగ్గర తాళంచెవిని ఒకసారి తడుముకున్నాడు.

రోబోటిక్స్ ల్యాబులో అంతా సవ్యంగా జరిగింది. యంత్రం పండునెత్తి తెచ్చి పెడితే, దేవనాథన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మిగతా సభ్యులందరినీ పిలిచి చూపించకుండా ఎలాగో నిగ్రహించుకున్నాడు. నా శిష్యుడని పైకి చెప్పడం ఇక్కడ పద్ధతి కాదు కాబట్టి, రిపోర్టులో రాసుకుంటూ హరినాథ్ వైపు ఒక్కసారి ఓరగా చూసి నవ్వాడు. ఆ నవ్వుకు హరినాథ్ సంతోషించాల్సింది. తలొంచుకుని ట్రే తుడవడం మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి వెనక మెట్ల దారిన పరుగు. మేనేజ్‌మెంట్ భవనంలో కోటు వేసుకుని గిరిప్రసాద్ అయ్యాడు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో కోటు విప్పి కళ్లజోడు పెట్టుకుని గోవిందస్వామి అయ్యాడు. అక్కడి నిపుణుడు ఆకలి మీద ఉండి, స్విచ్ వేయని కంప్యూటర్ను చూసి కూడా బాగుందన్నాడు. భోజనాలయ్యాక సాహిత్య అధ్యయనం. ఇక్కడ అతను డాక్టర్ నారాయణ్. జానపద కథల్లో యంత్రాల ప్రస్తావన అన్నది నారాయణ్ గారి పరిశోధన. వచ్చిన పెద్దాయన ఎక్కడో దూరపు ఊరివాడు, నెమ్మదైన మనిషి. అడిగిన ప్రశ్నలకు హరినాథ్ చెప్పిన అరకొర సమాధానాలనే శ్రద్ధగా రాసుకుంటున్నాడు. ఇంకాసేపట్లో అయిపోతుంది.

అప్పుడు మెట్ల మీద దేవనాథన్ గొంతు వినిపించింది. ఇంజనీరింగ్ కాలేజీలో సాహిత్యం మీద పని చేసే మహానుభావుడెవరో చూసి పోతానని ఆయన ఎవరితోనో అంటున్నాడు. ఆయన్ని ఆపబోయి ఆపలేక, వెంటే గంగాధరం కూడా లోపలికి వచ్చాడు.

దూరపు ఊరి పెద్దాయన లేచి, రండి రండి, ఈయనే డాక్టర్ నారాయణ్ అని పరిచయం చేశాడు.

దేవనాథన్ చూశాడు. ముఖంలో నవ్వు ఉన్నదున్నట్టే ఉండిపోయింది, కళ్లలోది మాత్రం పోయింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. పెద్దాయన కాయితాలు సర్దుకుంటున్నాడు. గంగాధరం తలుపు దగ్గర నిలబడి మొల మీద చెయ్యి వేసుకున్నాడు.

"మీ పేరేమన్నారు?" అని అడిగాడు దేవనాథన్.

ఆ కాస్త సేపట్లో హరినాథ్‌కు బీరువా కనబడింది, శుక్రవారం కనబడింది, జీతాల కోసం ఎదురుచూసే తోటివాళ్లు కనబడ్డారు. నోరు దానంతటదే పలికింది.

"నారాయణ్, సార్."

"సంతోషం నారాయణ్ గారూ," అన్నాడు దేవనాథన్. రెండు చేతులూ ఎత్తి తనకంటే చిన్నవాడికి నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హరినాథ్ సాయంత్రం దాకా ల్యాబులోనే కూర్చున్నాడు. ఏ క్షణమైనా దొరస్వామి అరుపులు వినబడతాయని, అంతా బయటపడుతుందని అనుకున్నాడు. ఒక మూల అలా బయటపడితే బాగుండునని కూడా అనిపించింది. ఏమీ జరగలేదు. కమిటీ అంతా రిపోర్టు మీద సంతకాలు చేసి, పళ్ల బుట్టలు పుచ్చుకుని వెళ్లిపోయింది. దొరస్వామి మాట తప్పలేదు. గంగాధరం బీరువా తీసి సర్టిఫికెట్లు ఇచ్చాడు. సోమవారం మళ్లీ తెచ్చి ఇచ్చేయాలని మాత్రం చెప్పాడు.

మర్నాడు తిరుపతి బస్సులో, ఒళ్లో థీసిస్ ప్రతులు పెట్టుకుని, గైడు కాళ్ల మీద పడి ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ పోయాడు. తిడతాడు, రెండు చెంపలూ వాయిస్తాడు, ఆఖరికి సంతకం పెడతాడు. సంతకం చేయకుండా వెళ్లగొట్టేంత కఠినుడు కాడు. ఈ ధైర్యంతోనే గడప తొక్కాడు.

దేవనాథన్ తిట్టలేదు. రాత్రంతా నిద్రపోనట్టున్నాడు. కూర్చోమన్నాడు. హరినాథ్ చెప్పుకున్నదంతా విన్నాడు. బల్ల మీద పెట్టిన థీసిస్ మీద చెయ్యి వేసి నిమిరాడు గానీ తెరవలేదు.

"నిన్న నేను నిజం చెప్పుంటే నీ కాయితాలు ఆ బీరువాలోనే పడుండేవి. అది తెలిసే నోరు మూసుకుని అందరితో బాటు సంతకం పెట్టినాను. సర్వీసులో మొదటిసారి."

"నా వల్లే సార్. ఈ ఒక్కసారికి..."

"ఈ థీసిస్ మొత్తం నీదే, ఇందులో అబద్ధం లేదని నేను రాయాల గదా. అది నిజమే. నా కళ్లతో చూసినాను. కానీ నిన్న అట్లా పెట్టినాక, ఈ పొద్దు ఇంకోదాని మీద నిజమని పెట్టే మొహం నాకు లేదు. పొద్దున్నే పోయి గైడ్‌షిప్ వదులుకుంటున్నానని రాసిచ్చొచ్చినాను. ఇప్పుడు నేను పెట్టినా చెల్లదు."

వకుళాదేవి లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పిల్లోడు ఏడుస్తా ఉండాడు, ఏదో ఒక దారి చూడండి అని భర్తను అడిగింది. వేరే గైడుకు మార్చుకోవడానికి నెలలు పడుతుందని, గడువు ఈ సాయంత్రమేనని ఆయన ఆమెకు చెప్పాడు.

"నాతో ముందుగా ఒక్క మాట అనుంటే బాగుండేది సార్," అన్నాడు హరినాథ్, ఇంకేం అనాలో తెలియక.

"అన్నాను గదా హరీ. నీ పేరు అడిగినాను."

హరినాథ్ థీసిస్ ప్రతులు తీసుకున్నాడు. యూనివర్సిటీ ఆఫీసు దాకా పోయి, కిటికీ దగ్గర క్లర్కును చూసి, ఏమీ అడగకుండానే తిరిగి వచ్చాడు. బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడ్డాడు. అన్ని సర్టిఫికెట్లూ సంచిలోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి కోసం అల్లాడిపోయాడు, ఇప్పుడు వాటిని ఎవరికి చూపించాలో తెలియడం లేదు. తండ్రికి ఏం చెప్పాలో అసలే తెలియడం లేదు.

ఇంతలో సెల్లు మోగింది. గంగాధరం. నాలుగు శాఖల్లోనూ సాహిత్య అధ్యయనానికే కమిటీ మంచి మాటలు రాసిందట, ఛైర్మన్ చాలా సంతోషంగా ఉన్నాడట. పలమనేరులో ఛైర్మన్ బామ్మర్ది కాలేజీకి బుధవారం ఇన్‌స్పెక్షన్ ఉందట. కారు పంపిస్తారట.

హరినాథ్ సెల్లు చెవి దగ్గరే పట్టుకుని బస్సు వచ్చే వైపు చూశాడు. లైను తెగిందేమోనని గంగాధరం అటు నుంచి పిలుస్తూనే ఉన్నాడు. బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతుంటే, సంచిని గుండెకు అదుముకుని అతనూ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"ఈ తూరి నా పేరేందన్నా?" అని అడిగాడు.