అర డిగ్రీ

"సముద్రంలో గుంజలు పాతడానికి ఇంత చదువెందుకమ్మా?" అంది అత్తగారు, కోడలు టిఫిన్ డబ్బాలకు మూతలు పెడుతుంటే. ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే తెలీక అడిగింది. మొగుడు మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. ఆ గుంజ మన హాలు కంటే వెడల్పుంటుందత్తయ్యా అని చెప్పబోయి మానుకుంది. చెబుతూ కూర్చుంటే బస్సు పోతుంది.

సీటు దొరికింది గానీ బుర్ర ఊరుకోలేదు. సముద్రంలో గాలిమరలను నిలబెట్టే ఆ ఉక్కు స్తంభాలకు ఆఫీసులో వాడే లెక్క పాతది. చమురు తీసే కట్టడాల సన్నటి స్తంభాల కోసం పుట్టింది. ఎనిమిది మీటర్ల లావుకు అది పనికిరాదని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. స్తంభం తుఫానుకు పడిపోదు. ఏళ్ల తరబడి కోట్లసార్లు తగిలే మామూలు అలలకే, చుట్టూ ఉన్న మట్టి కొంచెం కొంచెం జరిగి, ఒరుగుతుంది. అర డిగ్రీ దాటిందా, మర ఆపేయాల్సిందే. ఆమె లెక్కలో పాతికేళ్లకు ముప్పావు డిగ్రీ వచ్చింది. "ఇంట్లో ఏమైనా గొడవా? ప్రతిదానికీ భయపడుతున్నారు" అన్నాడు మేనేజరు మొన్న మీటింగులో. అందరూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే ఎన్ని టీలు కావాలో చూసి చెప్పమన్నదీ ఆమెనే.

ఎనిమిదేళ్లుగా లెక్కలన్నీ ఆమెవే, 'తయారుచేసినవారు' అన్న గడిలో పేరు మాత్రం మేనేజరుది. అలాంటిది ఇవాళ, పాత లెక్కతో తయారైన రిపోర్టును ఆ గడి ఖాళీగా వదిలి, స్వయంగా ఆమె బల్ల దగ్గరికి తెచ్చాడు.

"ఈసారి మీ పేరే పెడదామండీ. మీరూ పైకి రావాలి కదా!"

ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

"నా లెక్క తీసేశారుగా సార్?"

"ఆ వాదన ఇప్పుడెందుకు? సంతకమేగా. మధ్యాహ్నానికి పంపేయాలి."

మొగుడికి ఫోన్ చేసింది. "పెట్టేయరాదూ! ఉద్యోగం పోతే ఏం చేస్తావ్? కాస్త సర్దుకుపోవాలి. సర్లే, వచ్చేటప్పుడు అమ్మ మందులు తీసుకురా" అన్నాడు.

సర్దుకుపోవాలి. పెళ్లైన మొదటి వారం విన్న మాట, మొన్న విన్న మాట, ఇప్పుడు విన్న మాట. ఏ ఒక్కటీ పెద్దది కాదు, ఏ ఒక్కదానికీ ఆమె ఏడవలేదు. లోకంలోని స్తంభాలన్నిటికీ కట్టిన లెక్క తనకోసం ఒక్కసారీ కట్టుకోలేదని తోచి, సిగ్గేసింది.

సొరుగులోంచి తన లెక్కల కాగితాలు తీసింది. వాటి మొదటి పేజీలో 'తయారుచేసినవారు' గడిలో తన పేరు రాసి సంతకం పెట్టింది. స్కాన్ చేసి, మేనేజరుకూ ఒక కాపీ పెడుతూ, ప్రాజెక్టు కట్టిస్తున్న కంపెనీకి తనే పంపింది.

"ఇది చూస్తే వాళ్లు పని ఆపేస్తారండీ!" అంటూ పరుగెత్తుకొచ్చాడు మేనేజరు.

"ఆపాలనే సార్."

ఆ తర్వాత మొగుడికి మెసేజ్ పెట్టింది. 'మందుల షాపు మీ ఆఫీసు కిందే ఉంది, మీరే తెండి. నా ఉద్యోగం ఊడొచ్చు. అయినా సరే, ఇవాళ్టినుంచి నేను ఒరగను.'