కట్టేసిన చేతులు

డెబ్బైల చివరి మాట. విశాఖ పోర్టులో పైడయ్యకు నోటితో పని లేదు, చేతులతోనే పని. ఓడ పక్కన నిలబడి, పైన క్రేన్ నడిపే సుందర్ రాజ్‌కు సైగలు చెయ్యాలి. వేలు పైకెత్తి తిప్పితే కొక్కెం లేవాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి. ఆ యంత్రాల హోరులో ఎంత అరిచినా వినపడదు.

అటువంటి మనిషి ఇంటికొచ్చి కూతురి చేతులు కట్టేసేవాడంటే నమ్ముతారా?

గౌరీశ్వరికి పుట్టుచెవుడు. ముక్కుపుడక చోట వేలు పెడితే అమ్మ, భుజం తడితే తువ్వాలు వేసుకునే నాన్న. ఈ సైగలన్నీ తనే కల్పించుకుంది. బధిరుల బడిలో చేరాక సైగలు పెరిగాయి. అక్కడ పెద్దపిల్లలు వరండాలో చిన్నవాళ్లకు నేర్పేవారు. మేష్టారి కంటపడితే మాత్రం బెత్తం దెబ్బలే. "చేతులాడిస్తే ఇక మాట రాదు, ఇంట్లోనూ ఆడించనివ్వకు" అని ఆయన పైడయ్యకు చెప్పారు. అప్పట్లో చాలా బడుల్లో అదే పద్ధతి. పిల్ల మాట్లాడుతుందన్న ఆశతో పైడయ్య సాయంత్రమయ్యేసరికి తువ్వాలుతో ఆ చిన్న చేతులు కట్టేవాడు. మాట రాలేదు సరికదా, పిల్ల నవ్వడమే మానేసింది.

"జొరమొచ్చినా సెప్పుకోలేకపోతంది, ఇప్పీయయ్యా" అని భార్య జోగమ్మ ఏడ్చేది.

"మేష్టారి కంటే మనకెక్కువ తెలుసేటి?" అనేవాడు.

ఆయుధపూజ నాడు కార్మికుల కుటుంబాలను జెట్టీ మీదికి రానిచ్చారు. క్రేన్‌కు బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టాక, పైడయ్య వేలు తిప్పాడు. ఖాళీ కొక్కెం లేచింది. గౌరీశ్వరి నోరు తెరుచుకుని చూసింది. తల్లి చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చి, తండ్రిలాగే పిడికిలి బిగించింది. సుందర్ రాజ్ సరదాపడి కొక్కెం ఆపాడు.

పిల్ల పకపకా నవ్వింది. అంతలోనే తండ్రి చేతుల్ని వేలితో చూపించి, తన రెండు మణికట్లూ దగ్గరకు చేర్చి, కట్టినట్టుగా ఆయన ముందుకు చాపింది.

నీ చేతులు మాట్లాడొచ్చు, నావి మాత్రం కట్టేస్తావా అని అడుగుతోందని పైడయ్యకు అర్థమైంది. బిడ్డను హత్తుకుని అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంటి సంగతంతా ఎరిగిన సుందర్ రాజ్ దిగొచ్చి భుజం పట్టుకున్నాడు. "ఊరుకో బావా. ఈ సైగలు మనకెలాగొచ్చాయి? మాట ఇనపడని కాడ మనలాటోళ్లే కట్టుకున్నారు. ఒకడ్ని సూసి ఇంకొకడు నేర్సుకున్నాడు. బళ్లో ఆ పిల్లలు సేత్తన్నదీ అదే కదా!"

దసరా సెలవులయ్యాక పైడయ్య బడికి వెళ్లాడు. "నా బిడ్డ సేతులు నానింక కట్టనండి. తవఁరూ కొట్టకండి" అని మేష్టారికి దండం పెట్టి, వరండాలో పెద్దపిల్లల మధ్య చతికిలబడ్డాడు. 'ఎక్కడ నొప్పి?' అని ఎలా అడగాలో ముందుగా అదే నేర్చుకున్నాడు.

అయ్యా, అమ్మా! వినపడని బిడ్డకు భాష లేదనకండి. అది ఆ చేతుల్లోనే ఉంది. వాటిని కట్టేయకండి, పక్కన కూర్చుని నేర్చుకోండి.