జెస్సీ ఇచ్చిన రుజువు

కోల్డ్ స్టోరేజి గేటు ముందు రెండు మిర్చి ట్రాక్టర్లు నిలబడ్డాయి. ఒకటి మీరా హుస్సేన్‌ది, రెండోది జెస్సీ పిన్ని పుల్లమ్మది. ఇద్దరి ఫోన్లలోనూ ఒకే టోకెను, ఒకే గది, ఒకే అర! ముందొచ్చిన మీరా హుస్సేన్ బస్తాలు అప్పటికే సగం లోపలికి చేరాయి. మిగతా గదులన్నీ నిండిపోయాయి. పైన చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది.

"ఏమ్మా, ఇద్దరికి ఒకే చోటు రాదని చెప్పింది నువ్వేగా?" అంది పుల్లమ్మ జెస్సీతో.

చెప్పింది. ఆరాధన అయ్యాక చర్చిలో మైకు పట్టుకుని మరీ చెప్పింది. ప్రోగ్రాం తప్పు చేయదని లెక్క కట్టి రుజువు చేయడమే ఆమె చదువు మరి. ఈ టోకెన్ల యాప్ ఆమె, స్నేహితుడు కరుణాకర్ కలిసి చేసిందే. వివరాలన్నీ మూడు ఊళ్ళ కంప్యూటర్లలో మూడు నకళ్ళుగా ఉంటాయి. ఒకదానికి తెలిసిన సంగతి మిగతావాటికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్తలోనే ఒక అరను ఇద్దరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. అందుకే జెస్సీ ఒక షరతు పెట్టింది: అర ఇచ్చేముందు కనీసం రెండు నకళ్ళు ఒప్పుకోవాలి, అవి ఒప్పుకునేదాకా ఆగాలి. ఒక్కో నకలు ఒక్కో అరకు ఒక్కరికే ఒప్పుకుంటుంది. ఇక ఇద్దరికి చెరో రెండు నకళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? అదే పదకొండు పేజీల్లో రుజువు చేసింది. ఆ పేజీల్లో మొదటిది వాళ్ళ యాప్ ఆఫీసు గోడ మీద ఫ్రేములో, ఆమె సంతకంతో సహా వేలాడుతోంది.

అక్కడే అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాంలో ఆ షరతు లేదు! జనవరిలోనే తీసేశారు. తీసినవాడి పేరూ అక్కడే ఉంది. జెస్సీకి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసింది.

"ఏరా కరుణా, ఆగే షరతు ఏమైంది?"

"అబ్బా, అదా? టోకెను రావడానికి మూడు సెకన్లు పడుతోందని జనం తిట్టారే. తీసేశా. ఇద్దరు సరిగ్గా ఒకే క్షణంలో నొక్కుతారా ఏంటి?"

"ఆరింటికి బుకింగు తెరిస్తే ఇంటికి నాలుగు ఫోన్లు పట్టుకుని ఊరంతా ఒక్కసారే నొక్కుద్ది! ఈ ఊళ్ళో పుట్టినోడివి, నీకు తెలీదా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకోవుగా."

"మరి నా సంతకం గోడ మీద ఎందుకుంచావురా?"

"అది చూసేగా జెస్సీ, జనం నమ్మేది" అన్నాడు.

ఎంత తేలిగ్గా అనేశాడు! ఎనిమిదేళ్ళ స్నేహం, ఒకే కంచంలో తిన్న రోజులు. దొంగతనంగా ఇంటి తాళం మార్చి, పాత తాళంచెవి ఆమె చేతిలోనే ఉంచినట్టు చేశాడు. జెస్సీ ఏడుపు ఆపుకోలేకపోయింది.

చినుకులు మొదలయ్యాయి. పుల్లమ్మ ట్రాక్టరెక్కి టార్పాలిన్ పట్టా లాగుతోంది. అది సగం బస్తాలకు కూడా చాలదు. ఏడాది కష్టమంతా ఎర్రగా తడుస్తోంది. జెస్సీ పరుగెత్తి రెండో కొస పట్టుకుంది. ఆమె మొహం చూసి పుల్లమ్మ మెత్తబడింది.

"ఊరుకోవే తల్లీ, ఏడవమాక. లెక్కన్నాక ఎక్కడో ఒకచోట తప్పుద్ది. నువ్వు కావాలని చేశావా ఏంటి?"

లెక్క తప్పలేదు పిన్నీ అనబోయింది జెస్సీ. కింద బస్తాలోంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. ఆ మాట మింగేసి పట్టాను గట్టిగా లాగింది.