రోడ్డుకు వీపు పెట్టిన కొట్టు

నా లెక్క ఎప్పుడూ ఒక్కటే: పదిమందీ వచ్చేలోపు మనం అక్కడ ఉండాలి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఇవాళ కాకపోతే రేపు రాజధాని కృష్ణ ఒడ్డుకు రాక తప్పదని మా తాడేపల్లిలో అనుకునేవాళ్లు. ఎవరో సర్వేవాళ్లు వచ్చి చేలల్లో సున్నం పూసిన రాళ్లు పాతిపోయారు. పెద్ద రోడ్డు అటే పోతుందన్నారు. నేను మిరపకాయల కొట్టు కట్టి, గుమ్మం ఆ రాళ్లవైపు పెట్టాను. బళ్లు తిరిగే పాత రోడ్డువైపు మట్టిగోడ లేపి, దాన్ని ఆనుకుని వంటగది వేశాను.

"జనం ఇటు నడుస్తుంటే మీరు అటు తిరిగి కూర్చుంటారేంటండీ?" అంది నా భార్య జోహరాబీ.

"రేపు అందరూ అటే నడుస్తారు" అన్నాను.

యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. రోడ్డైనా రాకపోతుందా అని నేను గుమ్మం మార్చలేదు. ఆ రేగడి చేలో వానకు బురద, ఎండకు నెర్రెలు. చుట్టూ తిరిగి రాలేక రైతులు ఒక్కొక్కరే పాత రోడ్డుకు అవతలున్న కొట్టుకు మళ్లారు. నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. పొద్దున్నే లేచి రాళ్లదాకా నడిచి వచ్చేవాణ్ణి. చివరికి మిగిలింది కౌలుకు మిరప వేసే ఏసోబు ఒక్కడే.

మాఘం చివర ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఏసోబు బండి పాత రోడ్డు మీద, మా గోడ పక్కనే ఆగింది.

"సాయిబు గారూ! మీ రాజధాని రోడ్డులో మొన్న ఇరుసు విరిగింది. ఇక దిగనండి."

"ఎంతసేపు ఏసోబూ, తిప్పుకొచ్చెయ్!"

"చినుకు పడితే కాయ నల్లబడుద్ది. మీకేమండీ, మీరు రాజధానిలో ఉన్నారు. నేను తాడేపల్లిలో ఉన్నా."

ఎడ్లను అవతలి కొట్టువైపు మళ్లించాడు. ఈ బండి కూడా పోతే నేను కొట్టు మూసుకోవాల్సిందే. నేను చుట్టూ తిరిగి పరుగెత్తి, కాడి పట్టుకుని బతిమాలుతుంటే వెనక గోడ దడదడలాడింది. మట్టిపెళ్లలు రాలి గడ్డపార మొన బయటికొచ్చింది. ఆ సందులో మసి అంటిన చెయ్యి, దాని వెనక జోహరాబీ మొహం.

"పొయ్యి తీసేశా. ఏసోబూ, బస్తా అందించు. ఏమండీ, చూస్తారేం, అటునుంచి మీరూ గోడ పడగొట్టండి!"

ఆఖరి బస్తా లోపలికి చేరాక వాన దిగింది. ఆ ఘాటుకు ముగ్గురం తుమ్ముతూనే నవ్వాం.

మర్నాడు సర్వే రాయి ఒకటి పెళ్లగించి తెచ్చి కొత్త గుమ్మానికి మెట్టు వేశాను. జోహరాబీ పాత గుమ్మం దగ్గర పొయ్యి పెట్టుకుంది. "మీ పెద్ద రోడ్డు నా పొగకు పనికొచ్చింది" అంటుంది. బేరం లేని పూట ఆ పొయ్యి దాటి వెళ్లి, మిగతా రాళ్లు ఉన్నాయో లేదో చూసి వస్తుంటాను.