గంగోత్రికీ బదరీకీ నడుమ

అమీర్‌పేటలో పిల్లలంతా జావా, ఒరాకిల్ నేర్చుకుంటున్న రోజుల్లో నేను కంప్యూటర్ మీద కొండలు గీసే ఉద్యోగంలో చేరాను. తెరమీద ఎక్కడివో పటాలు కనిపిస్తాయి, వాటి గీతల వెంట మౌస్ తోలుకుంటూ పోవాలి. "కొండలు గీస్తే జీతమిస్తారా అక్కా?" అని తమ్ముడు కేదార్ ఆటపట్టించేవాడు. వాడికి నిజం కొండలు ఎక్కే పిచ్చి.

ఒక మే నెలలో స్నేహితులతో గంగోత్రి హిమానీనదం మీదికి వెళ్ళాడు. దాని మొదట్లో చౌఖంబా అనే కొండ ఉంది. నాలుగు శిఖరాలు, పెద్దది ఏడు వేల మీటర్లు దాటింది. ఆ వరసలో దాన్ని మించింది లేదు. దాని కిందే మంచు తుఫానులో వాడు తప్పిపోయాడు. మిగతావాళ్ళు తిరిగొచ్చారు. వెతికినవాళ్ళకు వాడి సంచీ కూడా దొరకలేదు.

ఏడాది దగ్గరపడింది. శవం దొరకనివాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేయవచ్చని పురోహితుడు నాన్నకు చెప్పాడు. నాన్న ఒప్పుకున్నారు. అమ్మ ససేమిరా అంది.

ఆమె ధైర్యమంతా ఒక చార్‌ధామ్ పటం. పంజాగుట్టలో ట్రావెల్స్ వాళ్ళు ఊరికే పంచింది. అందులో కొండలంటే వరసగా తెల్ల త్రికోణాలు, గంగోత్రికీ బదరీనాథ్‌కీ మధ్య వేలెడు దూరం. "వాడు అటువైపు దిగిపోయుంటాడే. దెబ్బ తగిలి ఏ ఊళ్ళోనో పడున్నాడు. బతికున్నవాణ్ణి చేతులారా కాల్చమంటారా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఆ పటం వేసినవాడు కనబడితే చెంప పగలగొట్టాలనిపించేది.

ఆఫీసులో గిరిబాబుకు చెబితే, నెట్‌లో వెతికి ఆ ప్రాంతపు అసలు పటం పెద్ద కాగితం మీద తీసిచ్చాడు. "జర మెల్లగ చెప్పు అక్కా. అమ్మ గద, గట్టిగ మాట్లాడకు" అన్నాడు. నా నోటి సంగతి అతనికి తెలుసు.

ఆ సాయంత్రం పటాన్ని నేలమీద పరిచాను. "ఒక్కో గీత ఒక్కో ఎత్తమ్మా. గీత దాటితే నలభై మీటర్లు ఎక్కినట్టో, దిగినట్టో."

అమ్మ వంటింటి తలుపు వైపు చూసింది. ఏటా పుట్టినరోజున కేదార్‌ని నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి గీసిన పెన్సిలు గీతలు ఆ చట్రం మీద ఉన్నాయి. "అలాగా?" అంది.

"అలాగే. గీతలు ఎడంగా ఉంటే నడవొచ్చు. అతుక్కుపోయి ఉంటే గోడ. మనిషి దిగలేడు."

ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, తొందరగానే పట్టేసింది. పెన్సిలు తీసుకుని, కేదార్ వాళ్ళు గుడారం వేసిన చోటి నుంచి బదరీనాథ్‌కి దారి గీయడం మొదలుపెట్టింది. గీతలు చిక్కబడగానే ఆగేది. చెరిపేసి మరో పక్క నుంచి వచ్చేది. నేను ఆఫీసుకు వెళ్ళేటప్పుడూ అదే, వచ్చేటప్పుడూ అదే. కూరలు మాడేవి. నాన్న అవే తినేవారు.

చౌఖంబా చుట్టూ కాగితం రబ్బరు రాపిడికి పలచబడింది. ఆమె నోరు మూయించాలనే నేనా పటం తెచ్చాను. ఇప్పుడు ఎక్కడో ఒక సందు దొరకాలని నేనే దేవుడికి మొక్కుకుంటున్నాను. దొరకదని తెలుసు. గిరిబాబు పటం ఇచ్చిన రోజే, ఇంటికి తెచ్చేముందు, ఆఫీసులో కూర్చుని నేను అంతా వెతికాను.

ఒక ఆదివారం పొద్దున లేచేసరికి కాగితం మడిచి ఉంది. అమ్మ వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది.

"దారి లేదండీ" అంది.

నాన్న తల దించుకున్నారు. అమ్మే అడిగింది, "ఆ బొమ్మ ఎంత పొడుగు చేస్తారట?"

"మూరెడు చాలన్నాడు."

అమ్మ లేచి పూలు కట్టే దారం తెచ్చింది. వంటింటి తలుపు దగ్గర కూర్చుని ఒక కొస నేలకి అదిమి పట్టింది. "రెండోది పై గీతకి పట్టుకోవే" అంది. మునివేళ్ళమీద నిలబడి పట్టుకున్నాను. దారం జారిపోతోంది. "సరిగ్గా పట్టుకో" అని కసురుకుంది.

అక్కడికి తెంపి, ఉండ చుట్టి, నాన్న చేతిలో పెట్టింది.

"ఇంత చేయమనండి. వాడు పొడగరి."